బోణీ బేరానికి కొన్న బూట్లు

అనంతపురంలో రెండు వేల నాలుగు వందల చీటీ అంటించిన బూట్లను పదకొండు వందల యాభైకి తెచ్చిన మొనగాణ్ణి నేను. మోటార్‌సైకిల్ తోలేవాళ్ళు వేసుకునే, నీళ్ళు దూరని, పిక్కల సగం దాకా వచ్చే నల్ల బూట్లు. సగం కంటే తక్కువ ధరకు! అదీ గొంతు పెంచకుండా, ఒక్క అబద్ధమూ ఆడకుండా, పట్టుమని అరగంటైనా పట్టకుండా. ఈ కథ మా వీధిలో పదిమందికి చెప్పుకున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆ అంగడాయన ముఖం ఇంకాస్త వాడిపోయేది, నా తెలివి ఇంకాస్త పెరిగేది. అంత చెడ్డ కొనుగోలు నా జన్మలో ఇంకొకటి చేయలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బూట్లు నాకు కాదు, మా అక్కకు.

అక్క ఉరవకొండలో ఉంటుంది. చీరలు, నైటీలు, జాకెట్టు గుడ్డలు మూటగట్టి మొపెడ్ వెనక వేసుకుని, విడపనకల్లు వైపు పల్లెలు తిరిగి అమ్ముతుంది. పెళ్ళిళ్ళ కాలంలో ధర్మవరం పోయి నాలుగు పట్టుచీరలు కూడా తెస్తుంది. బావ లారీ మీద పోతే నెలకొకసారి వస్తాడు. ఇల్లు నడిచేది అక్క మూటతోనే. మూట నడవాలంటే అక్క కాళ్ళు నడవాలి.

ఆ కాళ్ళకు స్పర్శ పోయింది. పన్నెండేళ్ళుగా షుగరు. ఒకసారి డాక్టరమ్మ అరికాల్లో సన్నటి పుల్లతో పొడిచి పొడిచి చూస్తూ ఉంటే, అక్క పైకప్పు వైపు చూస్తూ, "ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరమ్మా?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా. ఆ తర్వాత కొన్నాళ్ళకు సర్కారు తుమ్మ ముల్లు ఒకటి చెప్పును చీల్చుకుని ఆమె మడమలో దిగింది. దానితోనే మూడు పల్లెలు తిరిగింది. ఇంటికొచ్చి గచ్చు మీద ఎర్రటి అడుగులు చూసి, ఎవరివా అని వెనక్కి తిరిగి చూసిందట.

డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పులు మానేయాలి. ముల్లు దిగని అడుగు ఉండాలి, నీళ్ళు దూరకూడదు, ఎక్కడా ఒత్తుకోకూడదు. ఒత్తుకున్నా నీకు తెలీదు కాబట్టి చూసి కొనుక్కో.

నీళ్ళు దూరని బూట్లన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. "మన సీమలో వానెప్పుడు పడతాది కా, ఆ బూట్లు పెట్టె దిగేకి?" అన్నాను. కానీ మా వాన సంగతి నాకు తెలియనిదేం కాదు. నెలల తరబడి మొహం చూపదు. వచ్చిందంటే రెండు రోజుల్లో వంక పొంగి రోడ్డు మీదికెక్కుతుంది. అక్క తిరిగేదంతా నల్లరేగడి. తడిస్తే ఆ మట్టి చెప్పును పట్టుకుని వదలదు, కాలొక్కటే పైకొస్తుంది.

అక్క మూడు వేలు నా చేతిలో పెట్టింది. "బేరం నీకే చాతనవుతాది. మంచివే తే, దుడ్లు చూసుకోవద్దు. ఇద్దరిదీ ఒకటే కాలు కదా, నువ్వే ఏసుకుని చూడు."

అది నిజమే. మా ఇద్దరి కాలూ ఎనిమిదో నంబరు. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే జత చెప్పులుండేవి. ఎవరు బయటికి పోతే వాళ్ళు వేసుకోవాలి. ఇద్దరం కలిసి పోయినప్పుడు మాత్రం నేనే వేసుకునేవాణ్ణి. ఎందుకు నేనే అని అప్పుడు ఆలోచించలేదు.

'దుడ్లు చూసుకోవద్దు' అన్న మాట ఇంకెవరితోనైనా అనొచ్చు, నాలాంటివాడితో అనకూడదు. మా నాయనది ఉరవకొండలో చిల్లర అంగడి. పక్కన మా చిన్నాయనది ఇనుప సామాన్ల అంగడి, ఎదురుగా మా మేనమామది బట్టల అంగడి. మా ఇళ్ళల్లో పిల్లలు ఉయ్యాల్లో తక్కెడ చప్పుడు వింటూ నిద్రపోతారు. మంచివి తెమ్మన్న మాట నా చెవిదాకా రాలేదు. నా దగ్గర మూడు వేలున్నాయి, ఇందులో ఎంత మిగల్చగలనన్నదే నా బుర్రలో తిరుగుతోంది.

బోణీ సంగతి మా నాయన దగ్గర నేర్చుకున్నాను. పొద్దున అంగడి తెరిచాక మొదట వచ్చిన గిరాకీని వట్టి చేతులతో పంపకూడదు. అసలుకే ఇచ్చినా సరే, ఇవ్వాలి. మొదటివాడు తిరిగిపోతే ఆ రోజంతా అంతే. అందుకే ఖరీదైనదేదైనా కొనాలంటే నేను మొదటి బస్సుకు అనంతపురం పోతాను. అంగడి వాళ్ళ నమ్మకాన్ని అంగడి వాళ్ళ మీదికే తిప్పుతాను. ఇంతకంటే సిగ్గులేని పని మా వంశంలో ఎవరూ చేయలేదు.

హెల్మెట్లు, వానకోట్లు, సీటు కవర్లు, బూట్లు అమ్మే అంగడి అది. నేను పోయేసరికి అంగడాయన వాకిట్లో నీళ్ళు చల్లి, అగరొత్తులు గల్లాపెట్టె చుట్టూ తిప్పుతున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. తిప్పడం అయ్యేదాకా నిలబడ్డాను.

"బూట్లు చూపించన్నా. నీళ్ళు దూరకూడదు."

ఆయన మూడు జతలు దింపాడు. నేను వేసుకోలేదు. అది కూడా మా నాయన పాఠమే. ధర తెగకముందు వస్తువును ఒంటి మీద వేసుకుంటే నీ ఆశ అమ్మేవాడికి తెలిసిపోతుంది. వంకలు వెతకొచ్చు, పరీక్షలు పెట్టొచ్చు. వేసుకోకూడదు.

పరీక్షలు బాగానే పెట్టాను. లేసుల కింద ఉండే బూటు నాలుక రెండు పక్కలా కుట్టేసి ఉందా అని చూశాను. కుట్టకపోతే నీళ్ళు అక్కడి నుంచే దూరతాయి. అడుగు వంచి చూశాను. వేళ్ళ దగ్గర వంగాలి, నడిమధ్య వంగకూడదు. ఆయన సీసాతో నీళ్ళు పోసి "చూడు, జారిపోతాండాయి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బకెట్ అడిగాను. పాత పేపరు మడిచి బూటులో పెట్టి, చీలమండ దాకా నీళ్ళలో ముంచి అయిదు నిమిషాలు నొక్కి పట్టుకున్నాను. పేపరు పొడిగా బయటికొచ్చింది.

"ఎంతకిస్తావు?"

"చీటీ మీదుండాది కదన్నా, రెండు వేల నాలుగు నూర్లు. నీకని రెండు వేల రెండు నూర్లు."

"వెయ్యి."

"ఏమప్పా, పొద్దున్నే ఎగతాళి చేసేకి వచ్చినావా?"

"నేనేమంటి? ఇయ్యలేనంటే పోతా." లేచి గడప దగ్గర నిలబడ్డాను. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వు అంగడోళ్ళ పిల్లోనివి గదా?"

"ఎట్ల కనిపెట్టినావు?"

"గిరాకీ అయితే బూట్లు చూస్తాడు. నువ్వు వచ్చినప్పట్నుంచీ నా అగరొత్తులు చూస్తాండావు."

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు తొందరగా ఆగిపోయింది. "పదకొండు నూర్ల యాభై. ఇంక నోరెత్తద్దు."

డబ్బులిచ్చాను. ఆయన నోట్లు కళ్ళకద్దుకున్నాడు, గల్లాపెట్టెకు తాకించాడు. అప్పుడు కూర్చుని బూటు వేసుకున్నాను.

ఎడమది సరిపోయింది. కుడిది వేసుకుని నాలుగడుగులు నడిచాను. చిటికెన వేలి దగ్గర పట్టకారుతో పట్టినట్టుంది. మళ్ళీ నడిచాను. అనుమానం లేదు, పిండుతోంది.

"తొమ్మిదో నంబరు ఉండాదా అన్నా?"

"ఉండాది. అది కొత్త స్టాకు, రెండు వేలకి పైసా తగ్గదు. ఇది పాత స్టాకులో మిగిలిన ఒక్క జత. అందుకే ఆ రేటుకి ఇచ్చినా." నా ముఖం చూసి, "తోలు కదన్నా, నాలుగు దినాలేస్తే సాగుతాది" అన్నాడు.

అమ్మేవాడు అనే మాటే అది. ఆయన చోట నేనున్నా అదే అనేవాణ్ణి. పైన తోలయినా లోపల నీళ్ళు ఆపే పొర ఒకటుంటుంది, అది సాగదు. అయిదు నిమిషాల కింద ఆ పొరను పరీక్షించిందే నేను.

జేబులో ఇంకా పద్దెనిమిది వందల యాభై ఉంది. ఎనిమిది వందల యాభై కలిపితే తొమ్మిదో నంబరు వచ్చేది. అక్క డబ్బే, అక్క కాలికే, అక్క చెప్పిన మాట ప్రకారమే. ఎందుకు కలపలేదో చెప్పడం కష్టం కాదు, సిగ్గు. నా చిన్నప్పుడొకరోజు ఒకామె మా అంగట్లో బోణీకి బెల్లం బేరం చేసి, రేటు తెగాక, తూచాక, వద్దని వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరు రాకపోయినా, ఏది పగిలినా, మా నాయన "పొద్దున ఆయమ్మ..." అని మొదలుపెట్టేవాడు. నేనూ అక్కా ఆమె కనబడితే చాలా కాలం మూతి తిప్పుకున్నాం. అలాంటి ఇంట్లో పుట్టి, నోట్లు కళ్ళకద్దుకున్నాక ఆ బోణీ బేరాన్ని తిరగదోడడానికి నా నోరు రాలేదు. ఇది నేను చెప్పుకునే కారణం. రెండోది చెప్పుకోనిది. రెండు వేలకు కొంటే వీధిలో చెప్పుకోవడానికి కథేముంది?

"కట్టెయ్యన్నా" అన్నాను.

అక్క ఇంటికి తెచ్చి, ఆమెకు పదిహేను వందలు తిరిగిచ్చి, "రెండు వేల నాలుగు నూర్ల బూట్లు పదైదు నూర్లకి" అన్నాను. మిగిలిన మూడు వందల యాభై నా దగ్గరే ఉంది. ఒక్క అబద్ధమూ ఆడలేదని మొదట్లో అన్నాను కదా, అది అంగడి వరకే. మా ఇంట్లో టౌనుకు పోయి సరుకు తెచ్చినవాడు కొంత ఉంచుకునేవాడు. బేరం చేసినోని కూలి అని మా నాయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ కూలి తక్కెడ ముందు కూర్చున్న నాయన దగ్గర తీసుకునేది. ఎర్రటెండలో మూట మోసే అక్క దగ్గర తీసుకునేది కాదు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

అక్క బూట్లు వేసుకుని ఇల్లంతా నడిచింది. చీర కుచ్చిళ్ళ కింద ఆ నల్ల బూట్లు చూసి నాకు నవ్వాగలేదు.

"ఎట్లుండాయి కా?"

"బాగుండాయిరా. మెత్తగుండాయి."

పుల్లతో పొడిస్తే ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగిన మనిషి ఆ మాట అంటోంది. నాకు తెలుసు. 'నాకు కుడికాలు పిండింది కా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నాలుగు దినాలేస్తే సాగుతాయి లెమ్మని అంగడాయన మాటను నా మాటగా చెప్పి వచ్చేశాను.

పల్లెల్లో ఆడవాళ్ళు ఆమెను ఒక పట్టాన వదల్లేదట. "ఏమక్కా, ఎస్సై పరీచ్చ పాసయినావా?" అంటే, "అవును, అప్పుకి చీర తీసుకుని మొగం చాటేసేటోళ్ళని లోపలేస్తాండా" అనేదట. ఆ కథలు ఫోన్లో చెప్పి నవ్వేది. అప్పుడు కొన్నాళ్ళు నా మనసు తేలికగానే ఉండింది.

వాన ఆ ఏడాది ఆలస్యంగా వచ్చింది. వచ్చింది మొదలు రెండు రోజులు ఆగలేదు. మూడో రోజు తెరిపిస్తే అక్క మూట కట్టింది. పెళ్ళివాళ్ళకు చీరలు అందించాలి. దారిలో వంక రోడ్డు మీదుగా పారుతోంది. బండి ఆపి, చీర ఎగగట్టి, తోసుకుంటూ దాటింది. నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. బూట్లు పిక్కల సగం దాకానే. పైనుంచి నిండాయి.

బకెట్లో నేను పెట్టిన పరీక్షలో ఆ బూట్లు ఎంత బాగా నెగ్గాయో అప్పుడు తెలిసింది. బయటి చుక్క లోపలికి రానివ్వని బూటు లోపలి చుక్కను బయటికీ పోనివ్వదు. నాని మెత్తబడిన పాదం, చిటికెన వేలిని పిండే బూటు, పొద్దుగూకేదాకా తిరుగుడు. కాలికి తెలిస్తే మొదటి పల్లెలోనే విప్పేసేది.

ఇంటికొచ్చి మేజోడు విప్పితే చివర ఎర్రగా ఉంది. పసుపు పెట్టుకుంది. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు ఫోన్ చేసింది.

"ఒరేయ్, బూట్లు బాగుండాయి. కాలే బాగలేదు."

పోయి చూశాను. వేలు నల్లగా ఉంది. వాసన గుమ్మం దగ్గరికే తెలిసింది. అనంతపురంలో ఆస్పత్రిలో చేర్చాం. షుగరు దించడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు కుడికాలి చిటికెన వేలు తీసేశారు. ఇంకో వారం ఆగివుంటే పాదమే పోయేదన్నారు.

ఆ వార్డులో నేను కూర్చున్నంత ఇరుకుగా ఆ బూట్లలో ఆ చిటికెన వేలు కూడా ఉండి ఉండదు. ఎందుకంటే అక్క పక్క మంచాల వాళ్ళకు నన్ను చూపించి కథ చెప్పేది. "మా తమ్ముడు. బేరంలో వీనిని మించినోడు లేడు. రెండు వేల నాలుగు నూర్ల బూట్లు పదైదు నూర్లకే తెచ్చినాడు. నా కాలే ముండది, దానికే యోగం లేదు." పక్క మంచం పెద్దామె, "నాకూ ఒక జత తెచ్చిస్తావా నాయనా?" అని అడిగింది. తల ఊపాను.

కట్టు మార్చే నర్సమ్మ మంచం కింది బూటు తీసి లోపల చెయ్యి పెట్టి చూసింది. "ఇంత ఇరుకువి ఎవరు కొన్నారు? కొనేటప్పుడు వేసి చూడలేదా?"

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "నేనే ఏసుకుని చూసినా అమ్మా. బాగుండాయని నేనే అంటి. వానిదేం తప్పు లేదు."

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ నిమిషంలో నాకు దొరికిన విడుదలంత చవకగా నా బతుకులో ఇంకేదీ దొరకలేదు.

నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. గాయం మానాక పాత క్యాలెండరు అట్ట మీద నిలబడి, పాదం చుట్టూ గీత గీయించుకోవాలి. కత్తిరించి ఆ అట్టను అంగడికి తీసుకుపోవాలి. బూటు లోపల పెడితే చదునుగా కూర్చోవాలి. అంచు మడతపడితే ఇరుకు. సాయంత్రం పూట కొనాలి, అప్పటికి కాళ్ళు వాచి ఉంటాయి. వేసుకుని పది నిమిషాలు నడిచి, విప్పి, చర్మం మీద ఎర్రగా అచ్చు పడిందేమో కళ్ళతో చూడాలి. "నీ కాలు మాట నమ్మొద్దు" అంది. ఎవరి మాట నమ్మకూడదో నాకు ఇంకా బాగా తెలుసు.

అయిదు వారాలకు కాలు మానింది. క్యాలెండరు అట్ట మీద గీత గీసింది నేనే. ఎడమకాలు త్వరగా అయిపోయింది. కుడికాలి దగ్గర పెన్సిలు నాలుగు వేళ్ళు దాటి, అయిదోది వెతుక్కుంటూ, ఏమీ లేని చోట తిన్నగా దిగిపోయింది. అక్క కిందికి చూడలేదు. "తొందరగా కానీరా, బస్సుకి టైమవుతాది" అంది.

సాయంత్రం వేరే అంగడికి పోయాం. పిల్లలు అరుస్తున్నారు, గిరాకీ బాగా ఉంది. బోణీ అయ్యి ఎన్ని గంటలైందో. అట్ట పెట్టి చూశాం. మొదటి రెండు జతల్లో మడతపడింది. మూడో జతలో చదునుగా కూర్చుంది. తొమ్మిదో నంబరు, ముందు భాగం వెడల్పు. పక్కన చిన్న జిప్పు ఉంది, నీళ్ళు నిండితే విప్పి ఒంపేయొచ్చు. అక్క పది నిమిషాలు నడిచింది, విప్పింది. నేను నేల మీద కూర్చుని రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని చూశాను. ఎక్కడా అచ్చు లేదు.

"మూడు వేల రెండు నూర్లు" అన్నాడు అంగడతను. జేబులోంచి డబ్బు తీశాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఏమిరా, ఒళ్ళు బాగలేదా? బేరం సెయ్యవా?"

"వద్దులే కా."

"ఏంటికి వద్దు?" అని అతని వైపు తిరిగింది. "ఏమప్పా, నాలుగు వేళ్ళ కాలికి అయిదు వేళ్ళ రేటు యాడన్నా ఉండాదా?" అతను నవ్వేశాడు. రెండు వందలు తగ్గించాడు.

బస్టాండులో బెంచీ మీద కూర్చుని టీ తాగేటప్పుడు చెప్పేశాను. అంగట్లోనే పిండిందని. తొమ్మిదో నంబరు ఉండిందని. పదకొండు వందల యాభైకే కొన్నానని.

అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"పిండుతాదని నీకు తెలుసునా?"

"తెలుసు."

"నన్ను ఎట్లుండాయని అడిగినప్పుడు కూడా తెలుసునా?"

"తెలుసు కా."

"ఆ మూడు నూర్ల యాభై ఏం చేసినావు?"

"పూరీ తిన్నా. మిగతాది పెట్రోలుకి..."

"పూరీ" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. ఆమె కూడా ఆ అంగట్లో పెరిగిన మనిషే కదా. సంచిలోంచి కుడికాలి అట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. "లెక్క రాయి. అంతా రాయి. ఏదీ ఇడిసిపెట్టద్దు."

రాశాను.

మొదటి బూట్లు, అంగడాయనకు ముట్టింది, పదకొండు వందల యాభై. తమ్మునికి ముట్టింది, మూడు వందల యాభై. ఆపరేషను, మంచం, పద్దెనిమిది వేల అయిదు వందలు. మందులు, కట్లు, ఆరు వేల నాలుగు వందలు. ఆటోలు, బస్సులు, పందొమ్మిది వందలు. అయిదు వారాలు మూట కట్టనందుకు, వారానికి రెండు వేల లెక్కన, పది వేలు. రెండో బూట్లు, అక్క బేరం చేశాక, మూడు వేలు. కుడికాలి చిటికెన వేలు, ఒకటి, రేటు వేయలేదు.

మొత్తం నలభై ఒక్క వేల మూడు వందలు, చిటికెన వేలు కాకుండా. ఆ పొద్దున తొమ్మిదో నంబరు కొని ఉంటే, రెండు వేలు.